ఈగల మందు సంగతి తర్వాత, ముందు దూడల గది చూడండి

ప్రశ్న: మాకు ఆరు ముర్రా గేదెలు, నాలుగు దూడలు ఉన్నాయి. పాకకి, ఇంటి అరుగుకి మధ్య ఇరవై అడుగులే. తొలకరి పడ్డప్పటి నుంచి జోరీగలతో వేగలేకపోతున్నాం. అరుగు మీద కూర్చుని టీ తాగాలంటే గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వస్తోంది. పాలు పిండేటప్పుడు గేదెలు కాళ్లు నేలకేసి కొడుతున్నాయి. వేపాకు పొగ వేశాం, నిమ్మగడ్డి కుండీలు పెట్టాం, నీళ్ల సంచులు వేలాడదీశాం. లాభం లేదు. పురుగుమందుల షాపులో డైక్లోర్‌వాస్ ఇస్తే పాకలో, పేడ దిబ్బ మీద రెండుసార్లు కొట్టాం. నాలుగు రోజులు తగ్గి మళ్లీ ముసురుకున్నాయి. రెండోసారి కొట్టిన సాయంత్రం ఒక దూడ చొంగ కార్చి మేత ముట్టలేదు, తెల్లారికి తేరుకుంది. డోసు రెట్టింపు చేయమని షాపాయన అంటున్నాడు. ఇంటి దగ్గర ఈగలు సహజంగా పోయే మార్గం చెప్పగలరు.
– ఒక పాడి రైతు, తెనాలి మండలం

జవాబు: మీరు అడిగింది ఈగల గురించి. నాకు భయం వేసింది దూడ గురించి. అందుకని దానితోనే మొదలుపెడతాను.

మందు కొట్టిన సాయంత్రమే చొంగ, మేత మానడం, తెల్లారికి తేరుకోవడం చూస్తే విష ప్రభావమనే నా అనుమానం. దూడ నోరు తెరిచి నాలుక, చిగుళ్లు చూడండి, గిట్టల మధ్య చూడండి. పుండ్లు ఉంటే అది గాలికుంటు జబ్బు, దాని దారి వేరు. పుండ్లు లేకపోతే మందే కారణం అనుకోండి. ఇంకోసారి చొంగ, కన్నీరు, పారుడు, ఆయాసం కనిపిస్తే దూడను వెంటనే గాలి ఆడే చోటికి మార్చండి. చేతులకి గ్లవ్స్ వేసుకుని ఒళ్లంతా సబ్బు నీళ్లతో కడిగి, పశువైద్యుణ్ణి పిలవండి. కొట్టిన మందు పేరు ఆయనకి తప్పకుండా చెప్పండి. విరుగుడు ఇంజెక్షన్ ఉంది, అది ఆయన చేతి మీదుగానే జరగాలి. నోట్లో నూనె, మజ్జిగ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మీకు అమ్మిన డైక్లోర్‌వాస్‌ని కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబర్ 31 నుంచి దేశంలో పూర్తిగా నిషేధించారు. అది ఇంకా షాపులో దొరికిందంటే మండల వ్యవసాయాధికారికి చెప్పాల్సిన విషయం. పైగా డోసు రెట్టింపు చేయమంటున్నాడా! ఆవిరి రూపంలో ఊపిరిలోకి పోయే మందు అది. గాలి ఆడని పాకలో, దూడలు కట్టేసి ఉండగా, రెట్టింపు డోసు. ఈగ పోకపోగా దూడే పోయేది. మిగిలిన సీసాని మేత, నీళ్లు, పిల్లలు ఉన్న చోటికి దూరంగా తాళం వేసి ఉంచి, వ్యవసాయాధికారికి అప్పగించండి. గేదెల తొట్లన్నీ ఖాళీ చేసి కడిగాకే మేత వేయండి.

ఇక ఈగలు. ముందుగా, మీవి జోరీగలు కావు. జోరీగ పెద్దది, బొటనవేలి గోరంత ఉంటుంది, కుడితే నెత్తురు చుక్క కనిపిస్తుంది. మీ దగ్గర రెండు రకాలు కలిసి ఉన్నాయని నా అంచనా. టీ గ్లాసు మీద వాలేది మామూలు ఇంటి ఈగ, అది కుట్టదు. గేదెల కాళ్లు కుట్టేది ఇంటి ఈగ అంతే ఉండే ఇంకో ఈగ. దగ్గరగా చూస్తే తల ముందుకి సూదిలాంటి మూతి పొడుచుకుని ఉంటుంది. కాలి మీద తల పైకి పెట్టి వాలుతుంది. గేదె ఊరికే కాళ్లు కొట్టుకోదు, దాని పనే ఇది. పాలు తగ్గడానికి, ఒక పశువు నుంచి ఇంకో పశువుకి సర్రా జబ్బు (నెత్తుటిలో చేరే సూక్ష్మజీవి వల్ల వచ్చేది) మోయడానికి కూడా ఈ కుట్టే ఈగ కారణమవుతుంది.

రెండూ పుట్టేది మీ పాకలోనే. ఇంటి ఈగ ఒక్కో దఫా వంద, నూట యాభై గుడ్లు పెడుతుంది. ఈ ఎండకి, తడికి గుడ్డు నుంచి రెక్కల ఈగ దాకా ఏడు నుంచి పది రోజులే. మీరు కొట్టిన మందు గాలిలో తిరిగే పెద్ద ఈగల్ని చంపింది. పేడ లోపల ఉన్న పురుగుల్ని, అవి ఈగలుగా మారే ముందు కట్టుకునే గూళ్లని అది తాకదు. అందుకే నాలుగు రోజుల తర్వాత కొత్త బ్యాచ్ లేచింది. షాపాయన దాన్ని ‘డోసు చాలలేదు’ అన్నాడు. డోసులు పెంచుతూ పోతే మందుకి లొంగని ఈగలే మిగులుతాయి, డీడీటీ అనే పాత పురుగుమందుకి లొంగని ఈగలు 1940లలోనే యూరప్‌లో కనిపించాయి. ఇంకో నష్టం కూడా ఉంది. దిబ్బలో ఈగ గూళ్లకి చిల్లి పెట్టి లోపల గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు, ఈగ గుడ్లని తినే సన్నటి నల్లులు (మంచంలో ఉండేవి కావు), పేడపురుగులు ఉంటాయి. మందు దెబ్బకి ముందు పోయేవి అవే. ఈగలు పదిరోజుల్లో తిరిగి వస్తాయి, అవి అంత తొందరగా రావు.

అందరూ పేడ దిబ్బనే అనుమానిస్తారు. నేను ముందు దూడల గది అడుగుతాను. ఒక కర్ర తీసుకుని దూడల కింద వేసిన గడ్డిని గోడ వారగా లేపి చూడండి. పైన పొడిగా ఉంటుంది. రెండంగుళాల కింద మూత్రంతో నాని నల్లబడి, వెచ్చగా, ఘాటుగా వాసన కొడుతుంది. అందులో తెల్లటి పురుగులు, అంచుల్లో వడ్ల గింజంత ఇటుక రంగు గూళ్లు కనిపిస్తే దొంగ దొరికినట్టే. కాళ్లు కుట్టే ఈగకి ఇంతకంటే ఇష్టమైన చోటు లేదు. తొట్ల కింద పడి కుళ్లిన పచ్చమేత, కుడితి తొట్టి చుట్టూ కారిన తవుడు, తెలగపిండి కూడా ఇలాంటివే.

చేయాల్సింది ఇది. దూడల గడ్డిని ప్రతి సోమవారం, గురువారం మొత్తం ఎత్తేయండి. పైపైన కొత్త గడ్డి కప్పడం కాదు. నేల కడిగి, ఆరాక, దూడలు లేనప్పుడు సున్నం పొడి పలచగా చల్లి మర్నాడు కొత్త గడ్డి వేయండి. తడి నేల మీద సున్నం దూడల చర్మాన్ని కాలుస్తుంది, జాగ్రత్త. ఈ వానలు తగ్గేదాకా గడ్డి బదులు ఇసుక గానీ రంపపు పొట్టు గానీ వాడితే పురుగు చాలా తగ్గుతుంది. వారానికి రెండుసార్లు అనడానికి కారణం, పురుగు గూడు కట్టేలోపే మనం దాన్ని పాకలోంచి బయటకి పంపేయాలి. పదిహేను రోజులకోసారి చేస్తే పని వృథా, ఈగల పంట మాత్రం మిస్ కాదు.

గేదె రోజుకి 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది. మీ ఆరింటిది క్వింటాలు. దాన్ని రోజూ అక్కడక్కడా పారబోయకుండా ఒకే చోట, ఇంటికి ఎంత దూరం వీలైతే అంత దూరంలో గట్టిగా కుప్ప పోసి నల్ల పాలిథిన్ షీటు కప్పి, అంచుల మీద మట్టి వేయండి. లోపలి వేడికి పురుగు చచ్చిపోతుంది, వాన నీరు దిగదు. దిబ్బ మీద సున్నం చల్లవద్దు, నత్రజని గాలిలో కలిసిపోతుంది. మందు, నీళ్లు, ఏ ద్రవమూ పోయవద్దు. ఇంట్లో నాటుకోళ్లు ఉంటే షీటు ఎత్తినప్పుడు వదలండి, కాళ్లతో గీకి పురుగు ఏరుకుంటాయి. మందు కొట్టిన దిబ్బ మీదకి మాత్రం ఇప్పుడే వదలకండి.

అరుగు విషయం. నీళ్ల సంచులు తీసేయండి. నిమ్మగడ్డి కుండీలో ఉంటే పనికిరాదు, ఆకు నలిపితేనే వాసన, అది కూడా గంటసేపే. పొగ ఉన్నంతసేపు ఈగ పోతుంది, మీ కళ్లు, ముసలివాళ్ల ఊపిరి కూడా పోతాయి. వీటన్నిటికంటే ఒక పెడస్టల్ ఫ్యాన్ మేలు. ఈగ ఎదురుగాలికి నిలవలేదు. మీరు కూర్చునే చోటి నుంచి పాక వైపు గాలి కొట్టేలా పెట్టండి.

రాత్రి టార్చ్ వేసి అరుగు పైకప్పు చూడండి. కరెంటు తీగలు, వేలాడే తాళ్ల మీద నల్ల చుక్కలు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడే ఈగలు నిద్రపోతాయి. బజారులో దొరికే జిగురు రిబ్బన్లు సరిగ్గా అక్కడ కట్టండి, గోడ మీద ఎక్కడో కాదు.

ఎర కూడా పెట్టుకోవచ్చు. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా మెడ కోసి తిరగేసి దూర్చండి. లోపల 50 గ్రాముల బెల్లం, పావు లీటరు నీళ్లు, మగ్గిన అరటిపండు సగం, నాలుగు ఎండు రొయ్యలు. కంపు కొడుతుంది, కొట్టాలి. అందుకే అరుగు మీద కాకుండా పాక అవతలి వైపు ఎండలో పెట్టండి. అరుగు దగ్గర పెడితే ఊళ్లో ఈగలకి మీరే కబురు పెట్టినట్టు. నాలుగు రోజులకోసారి పారబోసి మట్టిలో పాతిపెట్టండి, లేకపోతే అందులోనే పురుగు పుడుతుంది.

గేదెల కాళ్లకి వేప నూనె ఒక పాలు, కొబ్బరి నూనె నాలుగు పాళ్లు కలిపి, పాలు పిండాక మోకాళ్ల కింద పలచగా రాయండి. పొదుగుకి, చన్నులకి వద్దు, పాలకి వాసన పడుతుంది.

మొదటి వారంలో తేడా కనపడదు. ఇప్పుడు ఎగురుతున్న ఈగలు ఇంకో రెండు, మూడు వారాలు బతికే ఉంటాయి. టెన్షన్ పడి మళ్లీ షాపుకి వెళ్లకండి. మూడు వారాలయ్యాక కూడా ఇలాగే ఉంటే దూడల గదిలో కర్రకి ఏం కనిపించిందో, కిలోమీటరు లోపల ఈగలు పుట్టే లేయర్ (గుడ్ల) కోళ్ల షెడ్డు ఏమైనా ఉందేమో చూసి రాయండి. గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేయిస్తున్నారో లేదో మీరు రాయలేదు, దూడలవి కూడా కలిపి తేదీలు రాయండి.