గుంటూరు డాబా మీద దూరపు శాటిలైట్లు పట్టాలంటే 8 అడుగుల డిష్ సరిపోతుందా, 12 అడుగులది కొనాలా?

మీరు అడిగింది ఇదీ: గుంటూరు కొరిటెపాడులో సొంత డాబా ఉంది, పాత 8 అడుగుల మెష్ డిష్ ఒకటి చౌకగా దొరుకుతోంది, దాంతో బయటి దేశాల ఛానెళ్లు వస్తాయా, లేక ఆగి 12 అడుగులది కొనడం మేలా అని. విజయవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద 8 అడుగులదే చాలా ఏళ్లుగా ఉంది. ఆ ధైర్యంతో చెప్తున్నాను, 8 చాలు. మిగిలే డబ్బు డిష్‌ని నిలబెట్టే పోల్‌కి పెట్టండి.

8 నుంచి 12కి వెళ్తే పెరిగే సిగ్నల్ సుమారు మూడున్నర డెసిబెల్స్, అంటే రెండింతలకు పైగా. తీసిపారేసేదేం కాదు. కానీ గాలి తగిలే వైశాల్యం రెండింతలు దాటుతుంది, మామూలు ఇంటి శ్లాబు మీద దాన్ని కదలకుండా నిలబెట్టడం మాటలు కాదు. పెద్ద డిష్‌లు పట్టే తరంగాల శ్రేణి సీ బ్యాండ్. అందులో 8 అడుగుల డిష్ చూపు వెడల్పు, అంటే ఒకేసారి చూడగలిగే ఆకాశం మేర, దాదాపు 2 డిగ్రీలు. పోల్ ఒక్క డిగ్రీ ఒరిగితే సగం సిగ్నల్ పోయినట్టే. పాత రోజుల్లోలా బొమ్మ మీద చుక్కలు పడటంతో సరిపోదు. డిజిటల్ కదా, కాసేపు గళ్లుగా పగిలి తెర నల్లబడుతుంది. అందుకే ఆటోనగర్‌లో మందమైన జీఐ పైపు తీసుకుని, అడుగున ప్లేటు వెల్డింగ్ చేయించి, సరిగ్గా పిల్లర్ మీదికి వచ్చేలా బోల్టులతో బిగించాం. రసమట్టం పైపుకి ఒక పక్క పెట్టి ఊరుకోకండి, పావు వంతు తిరిగి రెండో పక్కా చూడండి. 6 అడుగులది ఇస్తామంటే మాత్రం వద్దు. దాని చూపు 3 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది, 66, 68.5 డిగ్రీల తూర్పు రేఖాంశాల మీద ఉన్న ఇంటెల్‌శాట్ ఉపగ్రహాల లాంటివి పక్కపక్కనే ఉంటే ఒకదాని గోల రెండోదానిలో పడుతుంది.

తుపానుకి ముందు డిష్‌ని వెల్లకిలా ఆకాశం వైపు తిప్పి, నాలుగు పక్కలా తాళ్లు లాగి కట్టడం అలవాటు చేసుకోండి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాది అలాగే నిలబడింది. తర్వాత మళ్లీ గురి కుదర్చడానికి ఒక ఆదివారం పోయింది, అంతే.

మీకు చౌకగా వస్తున్నది బహుశా కేబుల్ వాళ్లు ఫైబర్‌కి మారాక పక్కన పడేసిన డిష్ అయి ఉంటుంది. డబ్బిచ్చే ముందు పురికొస పట్టుకెళ్లండి. డిష్ అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక తాడు, దానికి అడ్డంగా ఇంకోటి, రెండూ బిగుతుగా లాగి కట్టండి. మధ్యలో రెండు తాళ్లూ ఒకదాన్నొకటి ముట్టుకుని ఉండాలి. వేలు దూరేంత సందు ఉన్నా, ఒకటి రెండోదాన్ని నొక్కుతున్నా డిష్ మెలి తిరిగినట్టు. రేకుల బోల్టులన్నీ వదులు చేసి, అంచు సరిచేసి మళ్లీ బిగిస్తే చాలాసార్లు దారికొస్తుంది. ఫ్రేమే వంగి ఉంటే వదిలేయండి. మెలి తిరిగిన 12 కన్నా చక్కగా ఉన్న 8 నయం, ఇందులో నాకు రెండో మాట లేదు. మెష్ చిల్లుల గురించి బెంగ వద్దు, సీ బ్యాండ్ తరంగం పొడవు 7 సెంటీమీటర్ల పైనే. చిన్న డిష్‌లు పట్టే కేయూ బ్యాండ్‌ది రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి దానికి పాత మెష్ పనికిరాదు. డీడీ ఫ్రీ డిష్‌కి విడిగా చిన్న రేకు డిష్ పెట్టుకోండి.

ఇక ఆకాశం. మనకు 83 డిగ్రీల రేఖాంశం మీదున్న జీశాట్ దాదాపు నేరుగా దక్షిణాన, 70 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 105.5 డిగ్రీల ఆసియాశాట్ ఆగ్నేయంగా 55 డిగ్రీల్లో. ఆ చోటంటే నాకు కాస్త అభిమానం. 1991లో స్టార్ టీవీ మొదలైంది అక్కడున్న ఆసియాశాట్-1 నుంచే. అసలు ఆ ఉపగ్రహం 1984లో కక్ష్య తప్పితే స్పేస్ షటిల్ వెళ్లి భూమికి పట్టుకొచ్చినది, 1990లో చైనా రాకెట్ మీద మళ్లీ పైకి వెళ్లింది. మీరనే దూరపువి ఇంకా కిందకి ఉంటాయి: అరబ్ ఛానెళ్లుండే 26 డిగ్రీల తూర్పు రేఖాంశం మనకు పడమటి దిక్కున, 138 డిగ్రీలది తూర్పున, రెండూ నేల నుంచి పాతిక డిగ్రీలకు అటూ ఇటూ. పడమట ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంటే ఎంత డిష్ పెట్టినా లాభం లేదు. పైగా వాటి కిరణం మన మీద పడుతుందో లేదో ముందు లింగ్‌శాట్ వెబ్‌సైట్‌లో బీమ్ మ్యాప్ చూడండి. మన వైపు వదలని బీమ్‌ని 12 కూడా పట్టలేదు.

అడ్డం ఉందా లేదా అని తేల్చడానికి సూర్యుడే పరికరం. మార్చి రెండో వారంలో, మళ్లీ సెప్టెంబర్ ఆఖరు, అక్టోబర్ మొదట్లో, సూర్యుడు రోజూ కొన్ని నిమిషాలు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. 105.5కి ఉదయం పది దాటాక, 68.5కి మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో. ఆ సమయానికి పోల్ పెట్టబోయే చోట ఎండ పడుతుంటే దారి ఖాళీ అన్నట్టే. డిష్ ఉంటే ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు ఉండి సిగ్నల్‌ని అందుకునే పరికరం) నీడ నడిమధ్యన పడాలి. అప్పుడు బొమ్మ పోతుంది, టెన్షన్ పడకండి, అది సూర్యుడి రొదే.

బొమ్మ పోవడానికి ఇప్పుడు కొత్త కారణం 5జీ. 2022 వేలంలో ఇచ్చిన బ్యాండ్ 3300 నుంచి 3670 మెగాహెర్ట్జ్, మన ఛానెళ్లు 3700 నుంచి. మామూలు ఎల్‌ఎన్‌బీ 3400 నుంచే లోపలికి తీసుకుంటుంది కాబట్టి దగ్గరి టవర్ దెబ్బకి చేతులెత్తేస్తుంది. మా వెనక వీధిలో టవర్ మొదలైన రోజున క్వాలిటీ సున్నాకి పడింది. ఫీడ్‌కీ (సిగ్నల్‌ని లోపలికి తీసుకునే గరాటు) ఎల్‌ఎన్‌బీకీ మధ్య 3700-4200 ఫిల్టర్ బిగించాక మళ్లీ వచ్చింది. మీ డాబా మీద నుంచి టవర్ కనబడితే మొదటి రోజే ఫిల్టర్ కొనేయండి.

పే ఛానెళ్లు రావు, తాళం వేసి ఉంటాయి. దొంగ కార్డుల జోలికి వెళ్లకండి. ఉచితంగా వచ్చే విదేశీ వార్తలు, భక్తి ఛానెళ్లు బాగానే ఉంటాయి, అవీ ఏడాదికోసారి చోటు మారుతుంటాయి. ఒకే శాటిలైట్ మీద ఒక ఫ్రీక్వెన్సీ పడి ఇంకోటి పడకపోతే డిష్‌ని తిట్టకండి: ఛానెల్‌ని పంపే పద్ధతిని బట్టి కావలసిన సిగ్నల్ మారుతుంది, క్యూపీఎస్‌కే 1/2 అనే పద్ధతికి రొద కన్నా ఒక డెసిబెల్ ఎక్కువుంటే చాలు, 8పీఎస్‌కే 3/4కి ఎనిమిది దాకా కావాలి. అప్పుడు ఎల్‌ఎన్‌బీని కొద్దికొద్దిగా తిప్పుతూ క్వాలిటీ అంకె చూడండి, అక్కడే రెండు మూడు పాయింట్లు దొరుకుతాయి.

నాకైతే అసలు సరదా ఫీడ్‌లలోనే, అంటే మైదానం నుంచి స్టూడియోకి నేరుగా పంపే బొమ్మల్లోనే. ఎప్పుడైనా తాళం లేని క్రికెట్ ఫీడ్ దొరికిందంటే ప్రకటనలుండవు, ఓవర్ల మధ్య కెమెరా ఊరికే గ్రౌండ్ అంతా తిరుగుతుంటుంది. అవి ఎప్పుడు ఏ ఫ్రీక్వెన్సీ మీద వస్తాయో ఎవరూ ముందు చెప్పరు, కాబట్టి బాక్స్ కొనేటప్పుడు డీవీబీ-ఎస్2 (కొత్త రకం డిజిటల్ ప్రసార పద్ధతి), బ్లైండ్ స్కాన్ (ఫ్రీక్వెన్సీ చెప్పకపోయినా బాక్సే వెతకడం) రెండూ ఉన్నాయో లేదో అడిగి తీసుకోండి.