‘దుష్టులు వర్ధిల్లనేల?’ – ఈ నేల ఎక్కడిది?

సందేహం: బైబిల్లో యిర్మీయా 12:1లో “దుష్టులు తమ మార్గములలో వర్ధిల్లనేల? మహా విశ్వాసఘాతకులు సుఖింపనేల?” అని ఉంది. ఈ ‘నేల’ ఏమిటి? భూమికి సంబంధించినదా? పైగా ‘వర్ధిల్లు’ పెద్దలు దీవించే మాట కదా, దుష్టులకు వాడవచ్చునా?

సమాధానం: అక్కడ ‘నేల’ అనే మాటే లేదు. వర్ధిల్లన్ + ఏల, సుఖింపన్ + ఏల. వర్ధిల్లన్, సుఖింపన్ అనేవి తుమున్నర్థకాలు, అంటే ‘వర్ధిల్లడానికి, సుఖించడానికి’ అన్నట్టుండే క్రియారూపాలు. వాటి చివరి నకారం ‘ఏల’తో కలిసిపోయింది. ఏల అంటే ఎందుకు. రానేల, దాచనేల, చింతింపనేల ఇలాంటివే. ‘ఎందుకు వర్ధిల్లుతున్నారు’ అని ఊరికే కారణం అడగడం కన్నా ఇందులో బరువెక్కువ. అది తగునా అన్న నిలదీత ఉంది.

రెండో ప్రశ్న ఇంకా లోతైనది. వృధ్ అనే సంస్కృత ధాతువుకు పెరగడమని అర్థం. భాసిల్లు, శోభిల్లు లాగే దాని నుంచి వర్ధిల్లు ఏర్పడింది. పెరుగుదలకు మంచీ చెడూ లేవు. కానీ “ఆయురారోగ్యాలతో వర్ధిల్లు” అని తరతరాలుగా దీవిస్తూ వచ్చాం కనుక, దుష్టుల పక్కన ఆ మాట వింటే మనసు చివుక్కుమంటుంది. చివుక్కుమనాలి కూడా. యిర్మీయా ప్రవక్తది అనాతోతు. ఆ ఊరివాళ్లే ఆయన ప్రాణం తీయజూశారని అంతకుముందు అధ్యాయమే చెబుతుంది. వాళ్లేమో చల్లగా ఉన్నారు. దేవుడు నీతిమంతుడని ఒప్పుకుంటూనే, న్యాయం గురించి నీతో మాట్లాడతానంటాడాయన. హీబ్రూలో ఇక్కడున్న క్రియే మొదటి కీర్తనలో నీతిమంతుడి విషయంలో వస్తుంది. తెలుగులో అక్కడ “అతడు చేయునదంతయు సఫలమగును” అన్నారు. మంచివాడికి మాటిచ్చిన ఫలం చెడ్డవాడి చేతిలో కనబడితే ఎవరికైనా కడుపు మండదా? అందుకే తెలుగు అనువాదకులు దీవెన మాటనే ఇక్కడ పెట్టడం నాకెంతో నచ్చుతుంది. ‘బాగుపడనేల’ అని ఉంటే ఇంత నొప్పి పలికేది కాదు.

తర్వాతి వచనం చూడండి. నీవే వారిని నాటావు, వారు వేరు తన్ని ఎదిగి ఫలిస్తున్నారు అంటాడు. పెరగడమనే ధాత్వర్థం అక్కడ చక్కగా అతుకుతుంది. 37వ కీర్తనలోనూ భక్తిహీనుడు విస్తరించిన చెట్టువలె “వర్ధిల్లి యుండెను”.

పైకి చదివేటప్పుడు ‘వర్ధిల్ల’ దగ్గర ఆగి ‘నేల’ను విడిగా పలకడం వల్లే మీకు కలిగిన అనుమానం చాలామందికి కలుగుతోంది. ఒకే ఊపిరిలో కలిపి చదివి, ‘ఏల’ దగ్గర గొంతు పెంచండి.