ఇంపాలాకి ట్రైలర్ తగిలించే ముందు

చిన్నా,

నువ్వు పంపిన ఫోటో చూశాం. నీ 1966 మోడల్ షెవర్లే (మనం షెవీ అంటాం) ఇంపాలా కారు, దాని వెనక కోడిగుడ్డులాంటి ఆ 13 అడుగుల క్యాంప్ ట్రైలర్. మీ అత్తయ్య అప్పుడే సీటు రిజర్వు చేసేసుకుంది. "మామయ్యా, మన 327 ఇంజను లాగుతుందా?" అని అడిగావు. శుభ్రంగా లాగుతుంది. ఆగుతుందా అని ఎందుకు అడగలేదురా?

నేను ఒకప్పుడు అలాంటి షెవీకే ట్రైలర్ కట్టుకుని లాస్ ఏంజలెస్ నుంచి ఐ-5 హైవే మీద ఇంటికి వస్తున్నాను. దార్లో టెహోన్ పాస్ అనే కనుమ ఎత్తు 4,144 అడుగులు. అది దాటాక గ్రేప్‌వైన్ దగ్గర 6 శాతం వాలు. షెవీలో ఉండే పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి ఉన్నవే రెండు గేర్లు కదా, నేను డ్రైవ్‌లోనే ఉంచి బ్రేకు మీద కాలు వేసి కూచున్నాను. కాసేపటికి గోనెసంచి కాలిన వాసన. పెడల్ తొక్కేకొద్దీ కిందికి పోతోంది, బండి మాత్రం తగ్గట్లేదు. వెనక ట్రైలర్ నన్ను తోస్తోంది. దానికి బ్రేకుల్లేవు. "చిన్నదేగా, అక్కర్లేదు" అన్నాడు అమ్మినాయన, నేనూ తలూపాను. లో గేరు వేసి, పార్కింగ్ బ్రేకు మెల్లగా వేసి, ఎలాగో రోడ్డు పక్కకి తీశాను. బ్రేకు డ్రమ్ముల్లోంచి పొగ. మీ అత్తయ్య అరగంట మాట్లాడలేదు.

అందుకని మొదటి ఖర్చు ట్రైలర్‌కి కరెంటు బ్రేకులు, డాష్ కింద వాటిని పట్టించే కంట్రోలర్. మన కాలిఫోర్నియాలో క్యాంప్ ట్రైలర్ మొత్తం బరువు 1,500 పౌండ్లు, ఆపైన ఉంటే బ్రేకులు ఉండాల్సిందే. సామాను వేశాక నీది అంత తూగుతుంది. పాత రకం కంట్రోలర్లు కారు బ్రేకు గొట్టానికి కలుపుతారు, అవి వద్దు. బండి వేగం తగ్గడాన్ని తనే పసిగట్టే రకం కొను. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు అవే పట్టే స్విచ్ కూడా పెట్టించు, దాని బ్యాటరీ చూసుకుంటూ ఉండు.

రెండో ఖర్చు కారు మీద. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి తోసేది మాస్టర్ సిలిండర్. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ విడివిడిగా పనిచేసే రెండు గదులది షెవీకి వచ్చింది 67 మోడల్ నుంచి. నీది 66. ఒక్క గొట్టం చితికిందంటే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. అది మార్చి, ముందు చక్రాలకి డ్రమ్ముల బదులు డిస్కు బ్రేకులు వేయించు. ఒరిజినల్ పోతుందని నీ కారు షోల మిత్రులు ఏడుస్తారు, ఏడవనీ.

ఇక బరువు సంగతి. మీ తాతయ్య ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎత్తించేటప్పుడు కాడి దగ్గర నిలబడి చూసేవాడు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతులు బిగుసుకుంటాయి, ముందెక్కువైతే మెడలు కుంగుతాయి. ట్రైలర్‌దీ అదే లెక్క. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే కారుకి ట్రైలర్ తగిలించే కొక్కెం మీద పడాలి. 1,800 పౌండ్లయితే 180 నుంచి 270. ట్రైలర్ మూతి కింద, హిచ్‌కి తగిలించినప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తున ఇటుకలు పేర్చి, వాటి మీద బాత్‌రూమ్ స్కేలు పెట్టి చూడు. మీ ఆవిడని అడిగి తీసుకో. నేను అడక్కుండా తీసుకెళ్ళి ఒకసారి తిట్లు తిన్నాను. నీళ్ళ ట్యాంకు మాత్రం మర్చిపోకు, 12 గ్యాలన్లంటే 100 పౌండ్లు.

వెనక బరువు ఎక్కువైతే ట్రైలర్ తోకలా ఊగడం మొదలెడుతుంది. అప్పుడు టెన్షన్‌లో కారు బ్రేకు తొక్కితే ఇంకా ఊగుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకో, యాక్సిలరేటర్ వదిలెయ్, కంట్రోలర్ మీది మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టించు. ముందు ఖాళీ పార్కింగులో ఆ మీటకి చెయ్యి అలవాటు చేసుకో.

హిచ్ బంపర్‌కి వద్దు, ఫ్రేముకే బిగించాలి. ఇంపాలాకి కింద నిండైన ఫ్రేము ఉంది, ఆ అదృష్టం మస్టాంగ్ వాళ్ళకి లేదు. దార్లో ఫ్రిజ్‌ని కారు కరెంటు మీద నడపకు, ఆ పాత ఆల్టర్నేటర్ తట్టుకోదు. గేర్‌బాక్సుకి విడిగా ఒక ఆయిల్ కూలర్ పెట్టించు. గ్రేప్‌వైన్ ఎక్కేటప్పుడు ఏసీ ఆపమని బోర్డులుంటాయి, మన పాత బళ్ళకి అది నిజంగానే పనికొచ్చే మాట. ట్రైలర్‌తో వేగం 55 మైళ్ళే, చట్టం కూడా అదే. ఆగిన ప్రతిచోటా దాని చక్రాల మధ్య భాగాన్ని చేత్తో తాకి చూడు. ఒకటి రెండోదానికన్నా ఎక్కువ కాలుతుంటే బేరింగో బ్రేకో పోయే దారిలో ఉందన్నమాట.

శనివారం వస్తాను. ఈలోపు ముందు డ్రమ్ములు విప్పి ఉంచు, లోపలి బ్రేకు షూలు ఎంత మిగిలాయో చూద్దాం.

మీ మామయ్య