కోడ్ రాయడం మొదలుపెట్టిన తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన కోడ్ చదివాను. పని చేస్తోంది, టెస్టులన్నీ పాసయ్యాయి, ఆ విషయంలో పేచీ లేదు. కానీ పేమెంట్ ఫంక్షన్‌లో 'అమౌంట్' అని ఒక వేరియబుల్ పెట్టావు చూడు, అది రూపాయలా పైసలా అన్నది ఆ ఫైల్ మొత్తం చదివినా తేలలేదు. రేజర్‌పే లాంటి గేట్‌వేలు డబ్బును పైసల్లో అడుగుతాయి, అంటే 500 రూపాయలకు 50000 అని పంపాలి. నీ డేటాబేస్‌లో ఉన్నవి రూపాయలు. మధ్యలో ఎక్కడో వందతో గుణించావు, సరే. రేపు ఇంకెవరికో ఆ గుణకారం కనపడక మళ్లీ వందతో గుణిస్తే 500 కట్టాల్సినవాడికి 50,000 బిల్లు పడుతుంది. 'అమౌంట్_పైసల్లో' అని పేరు పెట్టి ఉంటే ఈ గొడవే లేదు.

ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా అనుకోకు. 1999 సెప్టెంబరులో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దాకా వెళ్లి మరీ పోయింది ఇందుకే. భూమ్మీది సాఫ్ట్‌వేర్ ఒకటి థ్రస్టర్ల (నౌకను నెట్టే చిన్న ఇంజన్ల) లెక్కను పౌండ్-సెకన్లలో ఇస్తే, దాన్ని అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్-సెకన్లు అనుకుంది. తేడా దాదాపు నాలుగున్నర రెట్లు. యూనిట్లు రాయలేదని మార్కులు కోసిన ఇంటర్ ఫిజిక్స్ లెక్చరర్లను ఊరికే తిట్టుకున్నాం.

కామెంట్లు ఎక్కువ రాయమని నీకు ట్రైనింగ్‌లో చెప్పి ఉంటారు. నేనైతే నీవి సగం తీసేయమంటాను. 'కౌంట్‌ను ఒకటి పెంచుతున్నాం' అని కోడే చెబుతోంది, మళ్లీ నువ్వెందుకు? అదే బ్యాంకు సర్వర్ జవాబివ్వకపోతే రెండు సెకన్లు ఆగి మళ్లీ అడుగుతున్నావు కదా, ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చింది, బ్యాంకు వాళ్లు చెప్పారా, నువ్వే అనుకున్నావా? రాయాల్సింది అది. ఇప్పుడది నీకు తప్ప ఎవరికీ తెలియదు, ఆర్నెల్లు పోతే నీకూ గుర్తుండదు.

ఇక, 'ఎప్పుడైనా పనికొస్తుందేమో' అని వదిలేసిన పాత కోడ్. తీసెయ్. పాత వెర్షన్లన్నీ దాచే గిట్‌లో ఎలాగూ ఉంటుంది. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే ట్రేడింగ్ సంస్థ 2003లోనే వాడటం మానేసిన కోడ్‌ను అలాగే ఉంచి, దాన్ని ఆన్ చేసే ఫ్లాగ్‌నే కొత్త ఫీచర్‌కు వాడింది. 2012 ఆగస్టు 1న ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు, అందులో ఆ పాత కోడ్ లేచి ఆర్డర్ల మీద ఆర్డర్లు వేసుకుంటూ పోయింది. ముప్పావు గంటలో 40 కోట్ల డాలర్లకు పైగా నష్టం. డిప్లాయ్‌మెంట్ తప్పు కూడా ఉందనుకో, కానీ ఆ కోడ్ అక్కడ లేకపోతే లేవడానికే ఏమీ ఉండేది కాదు.

లైన్ల ముందు ఖాళీకి టాబ్‌లా స్పేస్‌లా అని టీమ్‌లో వాదించుకోకండి, కోడ్‌ను ఒకే తీరులో సర్దే ఫార్మాటర్ పెట్టి వదిలేయండి.

ముందు ఆ అమౌంట్ పేర్లు సరిచేసి పంపు. కొత్త ఫీచర్‌ను అదే కమిట్‌లో, అంటే అదే మార్పుల కట్టలో, కలిపావంటే మాత్రం చూడకుండానే వెనక్కి పంపిస్తాను.

అన్నయ్య