బావి మెట్లకు అడ్డంగా గోడ

నాయనా,

చిన్నతనం గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకూ గొంతు పట్టేసింది, అది నీ చేతి చలవ. రెండోసారి పెన్సిలు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఆ పెన్సిలు గీతల గురించే ఈ ఉత్తరం.

పొద్దున చద్దన్నం తిని బయటపడితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరడం, మిద్దె మీద వరసగా పడుకుని చుక్కలు లెక్కపెట్టడం, చిల్లాకట్టె, గోలీలు, చింతతోపులో కోతికొమ్మచ్చి, అన్నీ బాగా పట్టుకున్నావు. మీ అక్క కొడుకు హైదరాబాద్‌లో తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాడనీ, లిఫ్టు దిగాలన్నా వాడికి పెద్దవాళ్ల తోడు కావాలనీ రాసిన పేరా ఇంకా బాగుంది. దాని తర్వాత ఒక వాక్యం రాశావు. "ఆ రోజుల్లో భయం అంటే ఏమిటో తెలియదు, ఊరే మాకు కాపలా" అని. దాని కింద గట్టిగా గీత పడింది.

నీకు 28 ఏళ్లు. నువ్వు చెప్పే ఆ రోజులు 2000 తర్వాతివి. నాకు 70. ఇంచుమించు ఇదే వాక్యం నేను 1960ల గురించి రాశాను. మా నాయన తన చిన్నతనం గురించి, అంటే తెల్లదొరల కాలం గురించి, అరుగు మీద కూర్చుని అచ్చం ఇదే మాట అనేవాడు. ముగ్గురికీ ఊరు చల్లగా ఉన్నది తమకు పదేళ్లున్నప్పుడే. అనుమానం రావద్దూ?

నా సంగతి చెప్తాను విను. మా ఊరి బయట ఒక దిగుడు బావి ఉండేది. నల్లరాతి మెట్లు. తాగడానికి ఊరందరికీ ఆ నీళ్లే. అందులో ఈత కొడుతూ దొరికితే వీపు విమానం మోత మోగేది. అందుకని ఆడవాళ్లు కడవలతో రాని వేళ చూసుకుని, మిట్టమధ్యాహ్నం దిగేవాళ్లం. నడుముకు బెండ్లు కట్టుకుని దూకితే గోడ సందుల్లోంచి పావురాలు ఒక్కసారిగా లేచేవి. ఈత అయ్యాక మెట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకుంటే ఒంట్లోని ఎండంతా పాదాల గుండా దిగిపోయినట్టుండేది. 1990 ప్రాంతంలో ఓ వారపత్రికకు ఇదంతా రాశాను. ఆ చల్లదనం మీదే మూడు వాక్యాలు ఖర్చు పెట్టాను. చివరి పేరాలో మాత్రం కోపం. అంతకు కొన్నేళ్ల ముందు సర్కారు మనుషులు వచ్చి బావి మెట్లకు అడ్డంగా గోడ కట్టేసి, పైన గిలక బిగించి పోయారు. పిల్లల స్వర్గానికి తాళం వేసిన గుడ్డివాళ్లని తిట్టిపోశాను. ఆ పేరాకే ఎక్కువ మెచ్చుకోళ్లు వచ్చాయి.

వారం తర్వాత ఒక పోస్టుకార్డు వచ్చింది. చిన్నప్పటి స్నేహితుడు. మొత్తం నాలుగు ముక్కలు: "వ్యాసం బాగుంది. నేను గట్టు మీద మీ బట్టలకు కాపలా కూర్చునేవాణ్ణని రాశావు. ఎందుకు కూర్చునేవాణ్ణో రాయలేదు. అన్నట్టు నీ మడమ ఎలా ఉంది?"

వాడికి మూడేళ్లప్పుడు జ్వరం వచ్చి కుడికాలు చచ్చుబడింది. పోలియో అన్న మాట మాకెవరికీ తెలియదు, కాలు పడిపోయింది అనేవాళ్లం. వాడు ఏ రోజూ ఆ బావిలోకి దిగలేదు. నా వ్యాసంలో మాత్రం చొక్కాలు ఒళ్లో పెట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు, అదేదో వాడికి ఇష్టమైన ఉద్యోగమైనట్టు.

ఇక నా మడమ. మీ తరానికి నారికురుపు అంటే తెలియకపోవచ్చు. సన్నటి దారం లాంటి పురుగు. ఏడాది పాటు ఒంట్లో పెరిగి, పాదం దగ్గరో పిక్క దగ్గరో పొక్కు లేపి బయటికొస్తుంది. మూరెడు పైనే ఉంటుంది. దానికి మందు లేదు, టీకా లేదు. తల బయటపడ్డాక రోజుకు కాస్త చొప్పున పుల్లకు చుట్టుకుంటూ లాగాలి. తొందరపడితే తెగుతుంది, తెగితే కాలంతా చీము. నాకు పదో ఏట వచ్చింది. రెండు నెలలు బడి లేదు. నులక మంచం మీద కాలు చాపుకుని పడుకుంటే మా అవ్వ ఆముదం రాసి, పుల్ల తిప్పుతూ, తనే ఏడ్చేది.

ఆ పొక్కు లేచినప్పుడు నిప్పు పెట్టినట్టు మంట. మంటకు ఎవరైనా ఏం చేస్తారు? కాలు తీసుకెళ్లి చల్లటి నీళ్లలో పెడతారు. పురుగుకు కావలసిందీ అదే. నీళ్లు తగలగానే వేలకొద్దీ పిల్లల్ని వదులుతుంది. కంటికి ఆనీ ఆనని నీటి పురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు వడకట్టకుండా తాగినవాళ్లకు మళ్లీ ఏడాదికి కురుపు లేస్తుంది. నేను మూడు వాక్యాల్లో వర్ణించిన చల్లదనం అదీ. పొక్కుతో ఉన్న కాలు ఊరి తాగునీళ్లలో పెట్టుకుని కూర్చున్నవాణ్ణి నేనే. మరుసటేడు మా వీధిలో మంచం పట్టినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను. లెక్కపెట్టను.

నేను తిట్టిన ఆ గోడ ఎందుకు కట్టారో పోస్టుకార్డు వచ్చాకే వెళ్లి తెలుసుకున్నాను. 1983-84లో నారికురుపు నిర్మూలనకు దేశమంతా ఒక కార్యక్రమం మొదలైంది. 1984లో లెక్కతేలిన కేసులు 40 వేల దాకా. మన రాష్ట్రమూ ఆ జాబితాలో ఉంది. వాళ్లు చేసిన పనులు చూస్తే చాలా చిన్నవి. నీళ్లు గుడ్డలో వడకట్టమన్నారు, బావుల్లో మందు చల్లారు, చేతి పంపులు వేశారు, దిగుడు బావుల్లోకి మనిషి కాలు దిగకుండా గోడ కట్టి గిలక పెట్టారు. దేశంలో చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లో. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌కు ఈ జబ్బు లేదని ధ్రువపత్రం ఇచ్చింది. వ్యాక్సిన్ లేకుండా, మాత్ర లేకుండా, గోడలతో, గుడ్డముక్కలతో ఒక జబ్బు పోయింది. ఆ గోడను నేను గుడ్డిదన్నాను.

ఇంకోటి కూడా ఆ వ్యాసంలో రాయలేదు. ఆ మెట్లు దిగే హక్కు ఊళ్లో అందరికీ లేదు. మాలపల్లె, మాదిగపల్లె ఆడవాళ్లు కడవ పెట్టుకుని పైన నిలబడితే, ఎవరికైనా దయ కలిగినప్పుడు పోసేవాళ్లు. వాళ్ల పిల్లలు అందులో ఒక్క మునకైనా వేయకుండానే అదే పురుగును తాగారు. "మా బావి" అని పదిసార్లు రాశాను నేను. నీ వ్యాసంలో "మేమంతా" అనే మాట ఎన్నిసార్లుందో ఒకసారి లెక్కపెట్టు. ప్రతిచోటా ఆగి, అంతా అంటే ఎవరెవరు అని అడుగు. ఆడపిల్లలు ఎన్నో ఏడు దాకా ఉన్నారు? చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని నిలబడి ఆట చూసిన అమ్మాయి ఉందా లేదా?

భయం తెలియదన్నావు. నీకు తెలియదు, సరే. మీ అమ్మకు? మా చిన్నప్పుడు తరగతిలో అయ్యవారు హాజరు పిలుస్తుంటే ఇద్దరు పుల్లయ్యలు, ఒక పెంటయ్య పలికేవాళ్లు. ఆ పేర్లు చూసి మేం నవ్వేవాళ్లం. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఈ ఒక్కడైనా దక్కాలని ఎంగిలి విస్తరాకుల్లో దొర్లించి పుల్లయ్య అనీ, పెంట మీద పడుకోబెట్టి పెంటయ్య అనీ పేరు పెట్టేవాళ్లు. తెలంగాణలో భిక్షమయ్య అనే పేరుకూ ఇలాంటి కథే చెబుతారు. మృత్యువు కంటికి పనికిరాని వస్తువులా కనబడాలని కన్నతల్లి బిడ్డకు అలాంటి పేరు పెట్టుకుంది. భయం లేని కాలమా అది? హాజరు పిలిచే అయ్యవారి ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. 1971లో మన దేశంలో వెయ్యి మంది పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లు. 2020కి అది 28కి దిగింది. ఆ 129 మందికి చిన్ననాటి జ్ఞాపకాలు రాసే అవకాశం ఎక్కడిది? మిగిలినవాళ్లం రాస్తున్నాం, మాకేమీ కాలేదని.

నీ సంగతే తీసుకో. 2000 ప్రాంతంలో నువ్వు మీ అమ్మ చంకలో ఉండి, పల్స్ పోలియో ఆదివారాల్లో రెండేసి చుక్కలు వేయించుకునే ఉంటావు. దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో. చింతతోపులో నువ్వు పరుగెత్తావంటే ఆ చుక్కలకు కూడా అందులో వాటా ఉంది. వ్యాసంలో వాటికి ఒక్క వాక్యం దక్కలేదు.

ఇంత చెప్పాక, నువ్వు రాసిందంతా అబద్ధమని అనుకునేవు. కాదు. ఒక విషయంలో నీ వైపే నేను. రోడ్డు. 1971లో దేశం మొత్తం మీద మోటారు వాహనాలు 19 లక్షలు కూడా లేవు. 2020కి 32 కోట్లు దాటాయి. 1970లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు దాదాపు 14,500 మంది. 2022లో 1,68,491 మంది. జనాభా కూడా పెరిగింది కదా అంటావేమో, పెరిగింది, పన్నెండింతలైతే కాదు. మా వీధిలో చిల్లాకట్టె ఆడుతుంటే గంటకో ఎద్దులబండి వచ్చేది, ఎద్దే మమ్మల్ని చూసి ఆగేది. పిల్లల చేతిలోంచి వీధిని లాక్కుంది బండి. నువ్వు వ్యాసంలో ఫోన్‌ను పదకొండుసార్లు తిట్టావు, నేను లెక్కపెట్టాను. బండిని ఒక్కసారీ తిట్టలేదు. నువ్వు కూడా బండి మీదే తిరుగుతావు కాబట్టి కావచ్చు.

మీ అక్కను కూడా కాస్త తొందరపడి తిట్టావు. 1971లో ఒక్కో తల్లికి సగటున ఐదుగురు పిల్లలు. ఇప్పుడు ఆంధ్రలో ఇద్దరు కూడా లేరు. మా అమ్మకు ఆరుగురం. ఎవడు ఎక్కడున్నాడో చూసే తీరిక ఆమెకు లేదు. నేను స్వేచ్ఛ అని రాసుకున్నదాంట్లో సగం ఆమె అలసట. మీ అక్కకు వాడొక్కడే, పైగా అపార్ట్‌మెంట్ గేటు దాటితే రోడ్డు. ఆ టెన్షన్‌ను వెక్కిరించడం తేలిక. ఒక సాయంత్రం వాణ్ణి నువ్వే కిందికి తీసుకెళ్లి రోడ్డు దాటించి, ఆ తర్వాత రాయి.

ఊరే కాపలా అన్న ముక్క గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను, దాని గురించి నాకు కూడా ఇంకా సరిగా రాయడం రాలేదు. 2007లో కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో 12 వేల మందికి పైగా పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం వెలువరించింది. మన రాష్ట్రం కూడా అందులో ఉంది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పినవాళ్లు సగానికి పైన. చేసినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లే, నమ్మినవాళ్లే. ఆ పిల్లలు నీ ఈడువాళ్లు, నువ్వు రాస్తున్న ఆ రోజుల్లోనే ఉన్నవాళ్లు. వీటికి ప్రత్యేకంగా పోక్సో చట్టం వచ్చింది 2012లో. అంతకుముందు ఊరు కాపలా కాసిందో, చూసి నోరు మూసుకుందో, నీ స్నేహితుల్లో ఒకరిద్దరికి తెలిసే ఉంటుంది. అడగమని చెప్పను. వాళ్లు చదివినప్పుడు నీ వాక్యం వాళ్ల ముఖం మీద తలుపు వేసినట్టు ఉండకూడదు, అంతే.

ఇప్పుడు పని. "స్వేచ్ఛ" అనే మాట వ్యాసంలో ఆరుచోట్ల ఉంది, ఆరూ కొట్టెయ్. కోతికొమ్మచ్చి పేరా ముట్టుకోకు. "ఇప్పటి పిల్లలకు ఏం తెలుసు" అనే వాక్యం తీసెయ్, వాళ్లకు తెలిసింది నీకు తెలియదు. ఆదివారం ఊరికి వెళ్లి మీ అమ్మ దగ్గర కూర్చుని, "రాత్రి ఎనిమిదైనా నేను ఇంటికి రాని రోజు నువ్వేం చేసేదానివి?" అని అడుగు. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాయి, నీ భాషలోకి దిద్దకు. చిన్నప్పటి జట్టులో ఇప్పుడు నీతో మాట్లాడనివాడు ఒకడుంటాడు, వాడికి వ్యాసం చదివి వినిపించు. వాడు ఎక్కడ నవ్వకుండా ఉంటాడో అక్కడ గుర్తు పెట్టుకో.

పోయిన నెల నేనూ ఊరికి పోయి వచ్చాను. బావి ఎండిపోయి చాలా ఏళ్లయింది, చుట్టూ బోర్లు వేసి నీళ్లు అడుగుకు తోడేశారు. ఆ గోడ పక్కన చేలో నీళ్లు పడని బోరు గుంత ఒకటి, దాని మీద ఎవరో బండరాయి పెట్టారు. వదిలేసిన బోర్లను పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, ఇక్కడ ఆ తీర్పు బండరాయి రూపంలో అమలవుతోంది. పిల్లలు అక్కడే క్రికెట్ ఆడుతున్నారు. ఆ బండరాయే వాళ్లకు వికెట్లు. ఇంకో ముప్పై ఏళ్లకు వాళ్లలో ఒకడు దాని గురించి ఎంత అందంగా రాస్తాడో అనుకుంటూ కాసేపు నిలబడి చూశాను. తర్వాత రాయి కదులుతుందేమో కాలితో తోసి చూశాను. కదల్లేదు.

పోస్టుకార్డు రాసిన నా స్నేహితుడు ఇప్పుడు లేడు. నా మడమ సంగతి అచ్చులో ఇంతవరకూ రాయలేదు, మొదట నీకే చెప్పాను.

మార్చి రాశాక పంపు. ఫోన్‌లో వద్దు, ప్రింటు తీసి పంపు, అక్షరాలు కాస్త పెద్దవిగా. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో.