పొట్టలో నీరుంటే మంచినీళ్లు తగ్గించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది సోంపేట దగ్గర పల్లె. మా నాన్నకి 54 ఏళ్లు. మందు అలవాటు వల్ల లివర్ గట్టిపడిందని, సిర్రోసిస్ అని ఏడాది కిందట చెప్పారు. ఎనిమిది నెలలుగా చుక్క ముట్టలేదు. పొట్టలో నీరు చేరితే రెండుసార్లు తీయించాం. రోజూ ఒంట్లో నీరు దిగడానికి స్పైరనోలాక్టోన్ 100 ఎంజీ, ఫ్రూసెమైడ్ 40 ఎంజీ నీటి బిళ్లలు వేసుకుంటున్నారు. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో ఇరవై రోజుల కిందట 0.9 ఉన్న క్రియాటినిన్ ఈ వారం 1.5 వచ్చింది. మా వైపు కిడ్నీ జబ్బుల సంగతి మీకు తెలుసు, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. అందుకని పప్పు, గుడ్లు, మాంసం మాన్పించాం. నీళ్లు లీటరు దాటనివ్వడం లేదు. నీరసంగా ఉంటున్నారని రోజూ రెండు కొబ్బరి బోండాలు ఇస్తున్నాం. నోరు చప్పగా ఉందంటే అమ్మ కాసిని ఎండు నెత్తళ్లు వేయించి పెడుతోంది. మొన్న నడుం నొప్పికి ఊళ్లో ఆర్ఎంపీ నాలుగు రోజులు ఇంజెక్షన్లు చేశారు. ఇది డయాలసిస్ దాకా వెళ్తుందా?
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు రాసినదాంట్లో అన్నిటికంటే ముందు నా కన్ను పడింది నడుం నొప్పి ఇంజెక్షన్ల మీద. పల్లెల్లో నొప్పికి చేసేది ఎక్కువగా డైక్లోఫెనాక్. సిర్రోసిస్ ఉన్నవాళ్ల కిడ్నీకి రక్తం అందేదే అంతంతమాత్రం. ఈ మందు ఆ కాస్త దారినీ బిగిస్తుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ ఏ పేరుతో వచ్చినా, బిళ్లయినా సూదయినా, మీ నాన్నగారికి ఇక వద్దు. నొప్పి ఉంటే పారాసెటమాల్ వేయొచ్చు, రోజు మొత్తానికి 2 గ్రాములు, అంటే 500 ఎంజీ బిళ్లలు నాలుగు దాటకుండా. పారాసెటమాల్ లివర్‌కి చేటని భయపడి డైక్లోఫెనాక్ వైపు వెళ్లేవాళ్లను నా ఓపీలో తరచూ చూస్తుంటాను. ఇక్కడ లెక్క తిరగబడి ఉంటుంది.

రెండోది, 1.5 అనే అంకె. మామూలు మనిషికైతే మరీ పెద్దది కాదు. కానీ లివర్ జబ్బులో కండ కరిగిపోతుంది. క్రియాటినిన్ పుట్టేది కండలోంచే కాబట్టి రిపోర్టులో అంకె ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. మూడు వారాల్లో 0.9 నుంచి 1.5 అంటే సగానికి పైగా పెరిగినట్టు. అందుకని వచ్చే నెల చెకప్ దాకా ఆగకండి. ఇది చదివిన రోజే, లేకుంటే మర్నాడే మీ డాక్టరుకి చూపించండి. సోడియం, పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ చేయించాలి. ఇలాంటప్పుడు నీటి బిళ్లలు చాలామందికి కొన్నాళ్లు ఆపుతారు. పొట్ట తగ్గలేదని మీరే ఇంకో బిళ్ల కలపడం మాత్రం చేయొద్దు.

ఇంతకీ లివర్ చెడితే కిడ్నీకి ఎందుకు తగులుతుంది? వంశధార కాలువ చూసినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. పైన గండి పడి నీరు పక్క పొలాల్లోకి పోతుంటే శివారు ఆయకట్టుకి నీరందదు. శివారు రైతు కరవొచ్చిందనుకుని తన మడిలోకి వచ్చిన ప్రతి చుక్కకీ గట్టు వేస్తాడు. లివర్ గట్టిపడితే దాని గుండా వెళ్లాల్సిన రక్తానికి అడ్డు పడుతుంది. పేగుల దగ్గరి నాళాలు వెడల్పై రక్తం అక్కడే నిలుస్తుంది. కిడ్నీ శివారు రైతులాంటిది. ఒంట్లో నీరు తక్కువైందని పొరబడి ఉప్పునీ, దాని వెంట నీటినీ పట్టేసుకుంటుంది. అదే పొట్టలోకీ కాళ్లలోకీ ఊరుతుంది. అంటే కిడ్నీలో సొంత జబ్బేమీ లేకుండానే క్రియాటినిన్ పెరగొచ్చు.

ఇక మీ ఉద్దానం కిడ్నీ జబ్బు భయం. అది ఊరికే వచ్చిన భయం కాదు. సోంపేట, కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ప్రతి వీధికీ ఒక కథ ఉంది. కానీ ఆ జబ్బు నడక వేరు. ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ముదురుతుంది. మొదట్లో వాపులు పెద్దగా ఉండవు, మూత్రంలో ప్రోటీన్ కూడా తక్కువే పోతుంది, ముదిరాక స్కానింగ్‌లో కిడ్నీలు చిన్నవైపోయి కనిపిస్తాయి. మీ నాన్నగారిది ఇరవై రోజుల్లో వచ్చిన మార్పు, అదీ నొప్పి ఇంజెక్షన్ల తరవాత. అయినా ఆ ఊరి మనిషే కాబట్టి మూత్ర పరీక్ష, కిడ్నీ సైజు తెలిసేలా అల్ట్రాసౌండ్ చేయించండి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది, మీకు దగ్గర. లివర్ సంగతికి మాత్రం గ్యాస్ట్రోఎంటరాలజీ డాక్టరు కావాలి. విశాఖ కేజీహెచ్‌లో ఆ విభాగం ఉంది.

తిండి విషయానికొస్తే, మీరు మాన్పించినవి ఆయనకి కావాల్సినవి, పెడుతున్నవి మానాల్సినవి. తిట్టడానికి అనడం లేదు. కిడ్నీ జబ్బు పథ్యం మీ ఊళ్లో అందరికీ నోటికొచ్చు, అదే ఇక్కడా పెట్టేశారు.

ముందు ఉప్పు. రోజు మొత్తానికి అన్నిటిలో కలిపి 5 గ్రాములు, అంటే తలగొట్టిన ఒక టీ స్పూను. పాలలో, గుడ్డులో సహజంగా ఉండేది కొంత పోగా వంటలో వేయడానికి ముప్పావు స్పూనే మిగులుతుందనుకోండి. అమ్మగారికి ఒక పద్ధతి చెప్పండి. పొద్దున్నే ఆ ముప్పావు స్పూను ఒక చిన్న డబ్బాలో పోసి పొయ్యి పక్కన పెట్టుకోవాలి. పప్పు, కూర ఉప్పు లేకుండానే ఉడికించి ఆయన వాటా వేరే గిన్నెలోకి తీసేయాలి. ఆ గిన్నెకి డబ్బాలోంచి, మిగతా ఇంటికి మామూలుగా. సాయంత్రానికి డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. నిమ్మరసం, వెల్లుల్లి, జీలకర్ర, ఇంగువ పోపు ఎంతైనా వాడుకోవచ్చు. ఎండు నెత్తళ్లు నానబెట్టి కడిగినా ఉప్పు పూర్తిగా పోదు. నాలుగు చేపలతోనే రోజు లెక్క తప్పుతుంది. ఆవకాయ, అప్పడం, వడియం, మిక్చర్ కూడా అంతే. సైంధవ లవణం మంచిదట కదా అని అడగబోతారు. అదీ ఉప్పే. లో సోడియం సాల్ట్ అని అమ్మే ప్యాకెట్ ఇంకా ప్రమాదం, అందులో పొటాషియం కలుపుతారు.

కొబ్బరి బోండాంతో చిక్కూ అదే. కోనసీమకి తీసిపోని తోటలున్న చోట కూర్చుని వద్దనడం నాకూ కష్టమే. కానీ ఒక్కో బోండాంలో అరటిపండు కంటే ఎక్కువే పొటాషియం ఉంటుంది. స్పైరనోలాక్టోన్ పొటాషియాన్ని బయటికి పోనివ్వదు, కిడ్నీ కూడా మందగించింది. ఈ మూడూ కలిస్తే గుండె లయ తప్పొచ్చు. పొటాషియం రిపోర్టు వచ్చి డాక్టరు సరేననేదాకా ఆపేయండి.

నీళ్లెందుకు కట్టడి చేశారు? రక్తంలో సోడియం 125 కంటే తగ్గినప్పుడే నీళ్లు తగ్గించమంటాం. పొట్టలో నీటిని పట్టి ఉంచేది ఉప్పు. అది తగ్గితే దాహమూ తగ్గుతుంది. సోడియం రిపోర్టు బాగుంటే దాహానికి సరిపడా తాగనివ్వండి. నీటి బిళ్లలు వేసుకుంటూ, ఈ ఎండల్లో లీటరుతో సరిపెడితే ఎండిపోయేది కిడ్నీయే.

ప్రోటీన్ మాన్పించడం నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. నీరు కాకుండా ఆయన అసలు బరువు 60 కిలోలైతే రోజుకి 72 నుంచి 90 గ్రాముల ప్రోటీన్ కావాలి. రెండు గుడ్లు, మధ్యాహ్నం పచ్చి చేప ముక్కలు, రెండుపూటలా పప్పు, పెరుగు, పాలు, గుప్పెడు ఉప్పు లేని జీడిపప్పో వేరుశనగో, ఇవన్నీ పెడితేగానీ ఆ దరిదాపులకి రాదు. ఇంకో సంగతి. రాత్రి ఏడున్నరకి తిని పొద్దున్న ఎనిమిదిదాకా ఖాళీ కడుపుతో ఉంటే, లివర్‌లో నిల్వ ఉండదు కాబట్టి ఒళ్లు తన కండనే కరిగించుకుని తింటుంది. పడుకోబోయే ముందు గ్లాసుడు చోడి (రాగి) అంబలి, పాలు కలిపి, ఉప్పు వేయకుండా ఇవ్వండి. ఇంతకంటే మంచి రాత్రి ఆహారం నాకు తెలీదు.

బరువు రోజూ చూడాలి. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే లుంగీతో కాటా ఎక్కించి క్యాలెండర్ మీద రాయండి. బిళ్లలు వాడుతున్నప్పుడు రోజుకి అరకిలో తగ్గడం సరిపోతుంది. కాళ్ల వాపు కూడా ఉంటే కిలో వరకు ఫర్వాలేదు. అంతకంటే వేగంగా దిగుతుంటే సంబరపడకుండా డాక్టరుకి ఫోన్ చేయండి.

నీరు తీయించినప్పుడు ఎన్ని లీటర్లు తీశారో డిశ్చార్జ్ కాగితంలో ఉందేమో చూడండి. 5 లీటర్లు దాటితే లీటరుకి 8 గ్రాముల చొప్పున ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) ఎక్కించాలి. ఆరు లీటర్లకి దాదాపు 50 గ్రాములు, అంటే 20 గ్రాముల సీసాలు రెండున్నర. ఖరీదని కొందరు వద్దంటారు, ఆ దెబ్బ కిడ్నీ మీద పడుతుంది. తీసిన నీటిని పరీక్షకి కూడా పంపమనండి. అందులో ఇన్ఫెక్షన్ ఉంటే జ్వరం లేకుండా కూడా క్రియాటినిన్ పెరుగుతుంది.

డయాలసిస్ దాకా వెళ్తుందా అన్నారు. కారణం నొప్పి మందో, నీటి బిళ్లలు ఎక్కువవడమో, ఇన్ఫెక్షనో అయి త్వరగా పట్టుకుంటే చాలామందికి క్రియాటినిన్ వెనక్కి వస్తుంది. రాకపోతే ఆసుపత్రిలో ఆల్బుమిన్, టెర్లిప్రెసిన్ లాంటి మందులున్నాయి. మళ్లీమళ్లీ ఇదే పరిస్థితి వస్తుంటే లివర్ మార్పిడి గురించి మాట్లాడాలి. ఎనిమిది నెలలు తాగకుండా ఉన్న మనిషి కాబట్టి ఆ మాట ఎత్తడానికి ఆయనకి దారి ఉంది. ఈలోగా మూత్రం బాగా తగ్గినా, జ్వరం, కడుపునొప్పి వచ్చినా, మలం తారులా నల్లగా వచ్చినా, పగలు నిద్రపోతూ రాత్రి తికమకగా మాట్లాడినా ఏ వేళయినా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వెళ్లేటప్పుడు వాడుతున్న బిళ్లల షీట్లన్నీ సంచిలో వేసుకోండి. బీపీ బిళ్లలో, నాటు మందులో, తిప్పతీగ పొడో ఉంటే అవి కూడా. ఆర్ఎంపీ గారి దగ్గరికి వెళ్లి ఆ నాలుగు ఇంజెక్షన్ల పేర్లు చీటీ మీద రాయించుకోండి. గొడవ పెట్టుకోకండి, పెట్టుకుంటే పేర్లు చెప్పరు.