టీనేజీ పాఠకులకు మీరు ముందుగా సూచించే నవల ఏది?

పదిహేనేళ్ల పాఠకులకు నేను ముందుగా చెప్పేది ఆస్ట్రేలియా రచయిత మార్కస్ జూసాక్ 2005లో వెలువరించిన ‘ది బుక్ థీఫ్’. నాజీల కాలపు జర్మనీలో సాగే ఈ కథను మృత్యువే స్వయంగా చెబుతుంది. తమ్ముణ్ణి పూడ్చిన చోట మంచులో దొరికిన పుస్తకాన్ని, చదవడం రాకపోయినా దాచుకున్న బాలిక లీజెల్‌కు పెంపుడు తండ్రి హాన్స్ రాత్రివేళల్లో అక్షరాలు నేర్పుతాడు. వాళ్ల ఇంటి నేలమాళిగలో తలదాచుకున్న యూదు యువకుడు మాక్స్, హిట్లర్ పుస్తకంలోని పుటలకే తెల్లరంగు పూసి, ఆరబెట్టి, వాటి మీద ఆమె కోసం బొమ్మల కథ రాస్తాడు. ఆ ఘట్టం ఒక్కటి చాలు, ఈ నవలను ఎవరి చేతిలోనైనా పెట్టడానికి. ఆరంభం కొంత నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఓపిక పట్టాలి. చిన్న పుస్తకం కావాలనుకునేవారు ఎస్.ఇ. హింటన్ హైస్కూల్లో చదువుతూనే రాసిన ‘ది అవుట్‌సైడర్స్’ (1967)తో మొదలుపెట్టవచ్చు.